నకలులో మిగిలిన నగరం

ఉద్యోగం చేసి రిటైరయిన వారికి నకలు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఉత్తర్వు నకలు, దస్తావేజు నకలు, సర్టిఫికెట్ నకలు - వీటి మధ్యనే మనలో చాలామంది సర్వీసంతా గడిచింది. "అసలుతో సరిచూడడమైనది" అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేస్తే గాని కాగితానికి విలువ ఉండేది కాదు. కోర్టుల్లో అయితే నకలు రాయడానికి కాపీయిస్టు, దాన్ని అసలుతో పోల్చి చదవడానికి ఎగ్జామినరు అని వేరువేరు ఉద్యోగాలే ఉన్నాయి. ఇంత చేసినా నకలు అనే మాటకు లోకంలో గౌరవం తక్కువ. బొమ్మల విషయంలో మరీ తక్కువ. ఎంత బాగా గీసినా "అది నకలే కదా" అని పెదవి విరిచేవారే ఎక్కువ.

జపాన్ దేశపు కళాచరిత్ర చదివితే ఈ అభిప్రాయం మార్చుకోవలసి వస్తుంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట క్యోటో నగర వీధుల్లో జనం ఎలా బతికారో, ఏం ఆటలు ఆడారో, ఎలాంటి ఇళ్ళల్లో ఉన్నారో మనకు చూపించే ముఖ్యమైన చిత్రాలు కొన్ని ఈనాడు చేత్తో గీసిన నకళ్ళుగానే మిగిలి ఉన్నాయి. అసలు నగరం కాలిపోయింది. ఆ నగరాన్ని చూపిన అసలు చిత్రమూ కాలిపోయింది. నకలు మిగిలింది. ఆ నకళ్ళ కథను, వాటిని గీసినవారి కథను మన సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు క్లుప్తంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చుట్ట చిత్రాలు

క్రీ.శ. 794లో జపాన్ చక్రవర్తులు క్యోటోను రాజధాని చేసుకున్నారు. అప్పుడు దాని పేరు హెయాన్‌క్యో. చైనాలోని చాంగాన్ నగరాన్ని నమూనాగా పెట్టుకుని, చదరంగపు గళ్ళలాగా వీధులు తీర్చి కట్టిన నగరం అది. 1868 తరువాత ప్రభుత్వం టోక్యోకు తరలే వరకు, అంటే వెయ్యేళ్ళకు పైగా, చక్రవర్తుల నివాసం చాలావరకు అక్కడే. ఇళ్ళు, గుళ్ళు, కోటలు అన్నీ కలపతో కట్టినవి కావడం వల్ల ఆ నగర చరిత్ర నిండా అగ్నిప్రమాదాలే.

12వ శతాబ్దిలో ఆ నగరంలో చుట్ట చిత్రాల కళ ఉచ్ఛస్థితికి వచ్చింది. వీటిని జపానులో ఎమకి అంటారు. మన చేర్యాల నకాషీల పటం పైనుంచి కిందికి విప్పుతారు. ఎమకిని మాత్రం కుడి నుంచి ఎడమకు అడ్డంగా విప్పుతారు. ఒడిలోనో నేలమీదనో పెట్టుకుని, రెండు చేతుల మధ్య పట్టేటంత మేర విప్పి చూసి, చూసిన భాగాన్ని కుడిచేత్తో చుడుతూ పోవాలి. చూస్తున్నకొద్దీ కథ నడుస్తుంది. చిత్రకారుడు ఎత్తైన చోట నిలబడి చూసినట్టు బొమ్మ వేస్తాడు. ఇంటి లోపల జరిగేది చూపించవలసి వస్తే కప్పు తీసేసి గీస్తాడు. అందువల్ల వీధీ, ఇల్లూ, ఇంట్లోవాళ్ళూ ఒకేసారి కనిపిస్తారు.

అరవై చుట్టల ఉత్సవ చిత్రం

12వ శతాబ్ది మధ్యలో గోషిరకవ అనే చక్రవర్తి ఉండేవాడు. 1155 నుంచి 1158 వరకు రాజ్యం చేసి సింహాసనం వదిలిపెట్టాడు. అయినా 1192లో చనిపోయేవరకు తెరవెనుక నుంచి చక్రం తిప్పుతూనే ఉన్నాడు. వీధి గాయనులు పాడే పాటలంటే ఆయనకు ప్రాణం. వారి దగ్గర స్వయంగా నేర్చుకుని, ఆ పాటలను సంకలనం కూడా చేశాడు.

ఏడాది పొడుగునా ఆస్థానంలోను, నగరంలోను జరిగే పూజలు, విందులు, ఊరేగింపులు, ఆటలు అన్నిటినీ బొమ్మల్లో నమోదు చేయించాలని ఆయన సంకల్పించాడు. వాటికి నెంజూ గ్యోజి ఎమకి అని పేరు. ఏడాది ఆచారాల చిత్రం అని దాని అర్థం. సుమారు 60 చుట్టలు తయారయ్యాయి. గీసినవారిలో తోకివ మిత్సునాగ ముఖ్యుడని చెబుతారు.

దీన్ని గురించి 1254లో సంకలనమైన ఒక కథల పుస్తకంలో ముచ్చటైన సంగతి ఉంది. చుట్టలు పూర్తయ్యాక, ఆస్థాన సంప్రదాయాలు క్షుణ్ణంగా తెలిసిన ఫుజివర మొతోఫుస అనే పెద్దమనిషికి చూపించారట. ఆచారం ప్రకారం తప్పుగా ఉన్న చోట్ల ఆయన చిన్న కాగితం ముక్కల మీద తన అభిప్రాయం రాసి అంటించి పంపాడు. ఆఫీసు భాషలో చెప్పాలంటే ఫైలుకు స్లిప్పులు పెట్టాడన్నమాట. బొమ్మలు దిద్దించి స్లిప్పులు తీసేయవచ్చు గదా. గోషిరకవ అలా చేయలేదు. అంతటివాడు స్వహస్తాలతో రాసిన చీటీలను ఊడదీయడం భావ్యం కాదని, వాటితో సహా చుట్టలను రెంగెయోయిన్ ఆలయపు ఖజానాలో భద్రపరిచాడు. ఈనాడు వెయ్యి నిలువెత్తు విగ్రహాలతో యాత్రికులను ఆకర్షించే సంజూసాంగెందో మందిరం ఆ ఆలయంలోనిదే.

మంటల్లో అసలు, చేతుల్లో నకలు

తరువాతి అయిదు వందల ఏళ్ళలో ఆ 60 చుట్టలు క్రమంగా చెదిరిపోయాయి. 1467 నుంచి 1477 వరకు జరిగిన ఓనిన్ యుద్ధంలో క్యోటో నగరం చాలావరకు బూడిద అయింది. మిగిలిన చుట్టలు రాజప్రాసాదంలో ఉండగా, 17వ శతాబ్దిలో జరిగిన అగ్నిప్రమాదాల్లో అవీ పోయాయి. ఈనాడు మూలప్రతి లేదు.

అయితే ఆ ప్రమాదాలకు ముందే ఒక మంచి పని జరిగింది. 1626లో, గోమిజునో చక్రవర్తి ఆజ్ఞ మీద, జోకెయి అనే చిత్రకారుడు ఆ చుట్టలకు నకళ్ళు తీశాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు. పాత జపాన్ పద్ధతిలో బొమ్మలు వేసే తోస సంప్రదాయంలో తయారైనవాడు. ముసలితనంలో, 1662లో, సుమియోషి అనే ఇంటిపేరు స్వీకరించి, అదే పేరుతో ఒక చిత్రకళా సంప్రదాయానికి మూలపురుషుడయ్యాడు. అందుకే చరిత్రలో సుమియోషి జోకెయి అనే పేరే నిలిచింది.

ఆ నకళ్ళలో 16 చుట్టలు మిగిలాయి. కొన్నిటికి పూర్తిగా రంగులున్నాయి. కొన్నిటికి గీత మాత్రమే ఉంది. 12వ శతాబ్ది క్యోటో గురించి రాసే ప్రతి చరిత్రకారుడూ ఈ చుట్టలు తిరగేయక తప్పదు.

చిత్రంలో ఎవరెవరున్నారు

చుట్టలు గీయించింది రాజు. నమోదు చేయమన్నది ఆస్థానపు ఆచారాలను. మొదటి చుట్టలో కొత్త సంవత్సరానికి చక్రవర్తి తన తండ్రిగారి నివాసానికి వెళ్ళి నమస్కరించే ఊరేగింపు ఉంటుంది. ఎడ్లబండ్లు, గుర్రాలు, అంగరక్షకులు, హోదాకు తగిన రంగు దుస్తుల్లో అధికారులు - ఇదంతా ఉండవలసిందే, ఉంది.

కాని ఊరేగింపు పోయే దారిలో రెండు పక్కలా జనం ఉన్నారు. మెడలు చాచి చూసేవారు, పిల్లను ఎత్తుకున్న తల్లులు, కబుర్లలో పడి ఊరేగింపును చూడనే చూడనివారు ఉన్నారు. లోపల విందు జరుగుతుంటే బయట బండ్ల దగ్గర కాచుకుని కూర్చున్న నౌకర్లు ఉన్నారు. వసంతకాలపు కోడిపందేలు ఒక చుట్టలో ఉన్నాయి. పెద్దవారి లోగిలిలో జరిగే పందెమూ ఉంది, చిన్న గుడి ముందు మామూలు జనం ఆడించే పందెమూ ఉంది. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో బరుల చుట్టూ మూగే జనాన్ని చూసినవారికి ఆ ముఖాల్లోని ఉద్రేకం కొత్తగా అనిపించదు. వంకర కర్రతో బంతిని కొట్టే ఆట ఉంది. కాలితో బంతిని నేల తాకకుండా ఎగరేసే ఆట ఉంది.

గిఒన్ ఉత్సవం కూడా ఇందులో ఉంది. 869లో అంటురోగాలు ప్రబలినప్పుడు శాంతి కోసం మొదలైందని చెప్పే ఈ ఉత్సవం ఇప్పటికీ ప్రతి జులైలోనూ క్యోటోలో జరుగుతుంది. నకలులో దేవుడి పల్లకీలు, సింహం వేషాలు, డప్పులు వాయించేవారు కనిపిస్తారు. వీధి వెంట మామూలు జనం ఇళ్ళ వరస ఉంటుంది. పలకలు పరిచిన కప్పులు, వీధి వైపు తెరుచుకునే ఇరుకు ముఖభాగాలు, అందులోంచి తొంగిచూసే ఇల్లాళ్ళు. జపాన్ పట్టణపు ఇంటి చరిత్ర రాసేవారికి ఇవి అతి ప్రాచీనమైన సాక్ష్యాల్లో ఒకటి. రాజప్రాసాదం కొలతలు ఆస్థాన గ్రంథాల్లో దొరుకుతాయి. బండి తోలేవాడి ఇల్లు ఎలా ఉండేదో ఏ గ్రంథమూ రాసిపెట్టలేదు.

ఇక్కడే నకలు తీసినవాడి గొప్పతనం ఉంది. జోకెయి పని చక్రవర్తి ఆజ్ఞ. ముఖ్యమైన ఘట్టాలు గీసి, గుంపులో ఉన్న అనామకులను వదిలేసి ఉంటే ఎవరూ అడిగేవారు కారు. సగం శ్రమ తగ్గేది. ఆయన అలా చేయలేదు. బండి కింద నిద్రపోయే నౌకరును కూడా ఉన్నచోటనే ఉంచాడు. ఏది ముఖ్యం, ఏది కాదు అని తేల్చే అధికారం నకలు తీసేవాడికి లేదని ఆయనకు తెలుసు. మూడు వందల ఏళ్ళ తరువాత చరిత్రకారులు వెతుక్కుంటూ వచ్చింది సరిగ్గా ఆ అనామకుల కోసమే.

నకలు తీసే పద్ధతి

నకలు తీయడం జపానులో ఒక శాస్త్రంలాగా పెరిగింది. దాన్ని మోష అంటారు. తయారైన నకలు మోహొన్. ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి.

మొదటిది, పల్చని కాగితాన్ని అసలు మీద పరిచి కింది గీత కనిపిస్తుండగా గీయడం. రెండోది, అసలును పక్కన పెట్టుకుని చూస్తూ గీయడం. మూడోది అన్నిటికంటే కష్టం. కాగితాన్ని అసలు మీద పరిచి పై అంచు కదలకుండా ఉంచుతారు. కింది అంచును గుండ్రని కర్రకు చుట్టి ఎడమచేత్తో ఆ కర్రను పైకీ కిందికీ ఆడిస్తుంటారు. కాగితం పైకి లేచినప్పుడు అసలు కనిపిస్తుంది, కిందికి దిగినప్పుడు మరుగవుతుంది. కంటిలో ఆ గీత తాలూకు ఛాయ ఇంకా నిలిచి ఉండగానే కుడిచేతి కుంచె దాన్ని కాగితం మీద పెట్టాలి. రోజంతా ఇలా చేస్తే జానెడు మేర తయారుకావడమే ఎక్కువ. కంటికీ చేతికీ మధ్య ఆలోచన దూరడానికి సందు ఉండదు. అందుకే గీతలోని ఊపు కూడా దిగుతుందంటారు.

రంగుల తయారీ కూడా అసలులో లాగానే ఉండాలి. రాగి ఖనిజపు రాళ్ళను నూరి తీసిన నీలం, పచ్చ. ఆల్చిప్పల పొడితో తెలుపు. దీపపు మసితో నలుపు. వీటిని పశుచర్మం నుంచి తీసిన జిగురులో కలుపుతారు. కాగితానికి ముందుగా జిగురు, పటిక కలిపిన నీళ్ళు పూసి, రంగు పాకిపోకుండా చూస్తారు. రంగు వేసే తీరికో అనుమతో లేకపోతే గీత మాత్రం గీసి, ఆయా చోట్ల "ఇక్కడ ఎరుపు", "ఇక్కడ పచ్చ" అని చిన్న అక్షరాలతో రాసుకుంటారు.

అసలులో చిరుగులు, పురుగు తిన్న రంధ్రాలు ఉంటే ఏం చేయాలి? దీనికి రెండు మార్గాలున్నాయి. ఈనాడు ఉన్న స్థితిని ఉన్నట్టే, చిరుగును చిరుగుగానే గీయడం ఒకటి. మొదట ఎలా ఉండి ఉంటుందో పరిశోధించి ఆ రూపాన్ని గీయడం మరొకటి. ఈ రెండో పద్ధతిలోనే 1999 నుంచి 2005 వరకు, ఎక్స్-రే పరీక్షల సాయంతో, ప్రసిద్ధమైన గెంజి కథ చుట్ట చిత్రాలకు కొత్త నకళ్ళు తయారుచేశారు. ఈ రెంటినీ కలగాపులగం చేయకూడదని, ఏది ఏ రకమో స్పష్టంగా చెప్పాలని అక్కడి నియమం. నకలులో కొట్టివేతలుంటే కొట్టివేత అని రాయాలే గాని మనకు తోచింది పూరించకూడదని మన కార్యాలయాల్లోనూ నేర్పారు గదా.

నకలు కోసం ప్రాణం

నకళ్ళ చరిత్రలో ఒక విషాదం కూడా ఉంది. 866లో క్యోటో రాజప్రాసాదపు ఓతెన్ ద్వారం కాలిపోయింది. ఒక మంత్రి తన ప్రత్యర్థి మీద నేరం మోపాడు. కొన్నాళ్ళకు వీధిలో ఇద్దరు పిల్లలు కొట్టుకున్నారు. ఒక పిల్లవాడి తండ్రి ఆ మంత్రి ఇంటి ఉద్యోగి. అతడు పరిగెత్తుకొచ్చి తన కొడుకును విడిపించి రెండోవాణ్ణి కాలితో తన్నాడు. దెబ్బలు తిన్న పిల్లవాడి తండ్రి రాజప్రాసాదపు చిన్న ఉద్యోగి. ద్వారానికి నిప్పు పెట్టింది ఆ మంత్రే అని కళ్ళారా చూసి, భయంతో నోరు మూసుకున్నవాడు. కొడుకును తన్నడంతో ఆగలేక వీధిలో అరిచేశాడు. గుట్టు రట్టయింది. మంత్రికి దేశాంతరవాస శిక్ష పడింది. ఈ కథను 12వ శతాబ్దిలో మూడు చుట్టలుగా గీశారు. పిల్లలు కలబడడం, తండ్రి పరుగెత్తి రావడం, తన్నడం, తల్లి పిల్లవాణ్ణి లాక్కుపోవడం అంతా ఒకే బొమ్మలో వలయంగా చూపారు. వీధి జీవితాన్ని ఇంత సజీవంగా చూపిన బొమ్మలు అరుదు. అదృష్టవశాత్తు దీని మూలప్రతి ఉంది. 1983 నుంచి టోక్యోలోని ఇదెమిత్సు మ్యూజియంలో ఉంది.

19వ శతాబ్దిలో ఈ చుట్టలు సకాయి అనే జమీందారీ వంశం దగ్గర ఉండేవి. ఆ వంశపు ప్రభువు క్యోటోలో షోగన్ ప్రభుత్వపు ప్రతినిధిగా ఉండేవాడు. అదే నగరంలో 1823లో పుట్టిన రెయిజెయి తమెచిక అనే చిత్రకారుడు ఉండేవాడు. పాత చుట్టలంటే ఆయనకు వెర్రి. ఎక్కడ ఏ గుడిలో పాత బొమ్మ ఉందని విన్నా వెళ్ళి, బతిమాలి, నకలు తీసుకునేవాడు. ఈ చుట్టలు చూసి నకలు తీసుకోవాలని సకాయి ప్రభువు ఇంటికి రాకపోకలు సాగించాడు.

రోజులు మంచివి కావు. షోగన్ ప్రభుత్వాన్ని కూల్చి చక్రవర్తికి అధికారం కట్టబెట్టాలని కంకణం కట్టుకున్న యువకులు క్యోటోలో కత్తులు దూసి తిరుగుతున్నారు. తమెచిక కూడా చక్రవర్తి పక్షం వాడే. అయినా షోగన్ ప్రతినిధి ఇంటికి తరచుగా వెళ్ళడం చూసి, రహస్యాలు చేరవేస్తున్నాడని అనుమానించారు. బొమ్మ చూడడానికి వెళుతున్నాడంటే నమ్మేదెవరు? ప్రాణభయంతో ఆయన గుండు చేయించుకుని సన్యాసి వేషంలో ఊళ్ళు పట్టుకు తిరిగాడు. చివరకు 1864లో యమతో ప్రాంతంలో వారి కత్తులకు బలయ్యాడు. నిండా నలభై రెండేళ్ళు కూడా లేవు. నాలుగేళ్ళు తిరక్కుండానే షోగన్ ప్రభుత్వం పడిపోయింది. ఆయన చంపబడడానికి కారణమైన తగాదానే లేకుండా పోయింది.

నూట నలభై రెండు వృత్తులు

నగర జీవితం అంటే ఉత్సవాలు మాత్రమే కాదు, పొట్టకూటి పనులు కూడా. 1500 ప్రాంతంలో తయారైన ఒక చిత్రగ్రంథంలో 142 వృత్తులవారిని ఇద్దరిద్దరిగా జతచేసి, 71 జోడీలుగా చూపారు. ఒక్కొక్కరి పక్కన పద్యాలు, వారి నోటి మాటలు రాశారు. వడ్రంగి, కమ్మరి, గోడలు మెత్తేవాడు, నీలిమందు అద్దకంవాడు, వైద్యుడు, వీణవంటి వాద్యం వాయిస్తూ కథలు చెప్పే గుడ్డివాడు అందరూ ఉన్నారు. మద్యం తయారుచేసేది, సోయా జున్ను అమ్మేది ఆడవారే. ఆనాటి నగరంలో వ్యాపారం చేతబట్టిన స్త్రీలు ఎందరో ఈ పుస్తకం చెబుతుంది.

దీని మూలప్రతి కూడా లేదు. నకళ్ళే ఉన్నాయి. టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్న నకలును 1846లో కనో ఒసనోబు, ఆయన కుమారుడు మసనోబు గీశారు. ఒసనోబు ఎదో కోటలో షోగన్ కొలువు చిత్రకారుడు, అంటే ప్రభుత్వోద్యోగి. రోజువారీ కొలువు పనుల గురించి దినచర్య రాసుకునే అలవాటు ఆయనకుండేది. ఆ పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. కొలువు పని చేసుకుంటూనే పాత చుట్టలకు వందకు పైగా నకళ్ళు తీశాడు. ఈ 142 వృత్తుల నకలు తయారైన 1846లోనే ఆయన కన్నుమూశాడు.

16వ శతాబ్దిలో చుట్టల బదులు పెద్ద మడత తెరల మీద నగరం మొత్తాన్ని గీసే పద్ధతి వచ్చింది. ఓనిన్ యుద్ధంలో బూడిదైన క్యోటో తిరిగి లేచి నిలబడడం ఆ తెరల్లో కనిపిస్తుంది. బంగారు మబ్బుల మధ్య నుంచి వీధులు, దుకాణాలు, గుళ్ళు చూడవచ్చు. వీటిలో ప్రఖ్యాతమైనది కనో ఎయితోకు గీసినది. 1574లో ఒద నొబునాగ అనే సేనాని దాన్ని ఉయెసుగి కెన్షిన్ అనే మరో సేనానికి కానుకగా పంపాడు. అందులో సుమారు 2,500 మంది మనుషులున్నారు. ఇది ఇప్పుడు యొనెజవ పట్టణంలో ఉంది. ఇంతకంటే కొంచెం పాతది, 1540 ప్రాంతపు నగరాన్ని చూపే తెర ఒకటి ఉండేది. అది పోయింది. ఎదో కాలంలో ఎవరో తీసిన నకలు టోక్యో జాతీయ మ్యూజియంలో మిగిలింది. 1520ల నాటి తెరకూ ఎయితోకు తెరకూ మధ్య నగరం ఎలా పెరిగిందో తెలుసుకోవాలంటే ఆ నకలే గతి.

కలకత్తా, అజంతా, హైదరాబాదు

ఈ నకళ్ళ సంప్రదాయం మన దేశానికి కూడా వచ్చింది. 1916లో రవీంద్రనాథ్ ఠాగూర్ జపాన్ వెళ్ళినప్పుడు యొకొహామాలో హర తొమితరో అనే వ్యాపారి ఇంట్లో బస చేశారు. అక్కడ చూసిన కొత్త జపాన్ చిత్రాలు ఆయనకు బాగా నచ్చాయి. వాటికి నకళ్ళు తీయించి ఇండియాకు తేవాలనుకున్నారు. ఆ పని అరయి కంపో అనే చిత్రకారుడికి అప్పగించారు. ప్రాచీన చిత్రాలను అచ్చు వేసే కొక్క అనే పత్రిక కోసం ఏళ్ళ తరబడి నకళ్ళు తీసి ఆరితేరిన చేయి ఆయనది. ఆ ఏడాది చివర కంపో కలకత్తా వచ్చి ఠాగూర్ ఇంట్లో నడిచే విచిత్ర పాఠశాలలో పాఠాలు చెప్పారు. నందలాల్ బోస్‌కు మిత్రులయ్యారు. తరువాత అజంతా వెళ్ళి గుహల్లో కూర్చుని కుడ్యచిత్రాలకు నకళ్ళు తీశారు.

అజంతా అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. అంతకు కొన్నేళ్ళ ముందే, 1909 - 1911 మధ్య, ఇంగ్లండు నుంచి వచ్చిన లేడీ హెరింగ్‌హామ్ ఆధ్వర్యంలో అజంతా చిత్రాలకు నకళ్ళు తీశారు. నందలాల్ బోస్‌తో పాటు హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజ్లుద్దీన్ అనే చిత్రకారులు అందులో పనిచేశారు. సయ్యద్ అహ్మద్ ఆ తరువాత కూడా అజంతాను విడిచిపెట్టలేదు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో అజంతా నకళ్ళకు ప్రత్యేకంగా ఒక గది ఉంది. మనవలను ఆ తోటకు తీసుకువెళ్ళే సభ్యులు ఈసారి ఆ గదిలోకి కూడా తొంగిచూడవలసిందిగా కోరుతున్నాను.

నకళ్ళకు కూడా ఆయుర్దాయం గ్యారంటీ లేదు. మేజర్ రాబర్ట్ గిల్ అజంతాలో ఏళ్ళ తరబడి గీసిన నకళ్ళు 1866లో లండన్ క్రిస్టల్ పాలెస్‌లో మంటలకు ఆహుతయ్యాయి. తరువాత జాన్ గ్రిఫిత్స్ తీయించిన వాటిలో కొన్ని 1885లో లండన్‌లోనే కాలిపోయాయి. కంపో తీసుకువెళ్ళిన అజంతా నకళ్ళు 1923 మహాభూకంపంలో టోక్యో విశ్వవిద్యాలయంలో నాశనమయ్యాయి. ఆయన నిరుత్సాహపడలేదు. ముసలితనంలో, 1940 నుంచి, హోర్యూజీ ఆలయపు ప్రాచీన కుడ్యచిత్రాలకు నకళ్ళు తీసే బృందంలో చేరి, 1945లో పోయేవరకు ఆ పనిలోనే ఉన్నారు. 1949 జనవరి 26న ఆ ఆలయంలో నిప్పంటుకుని గోడలమీది అసలు చిత్రాలు మాడిపోయాయి. ఆ నకళ్ళు, అంతకుముందు తీసిన ఫొటోలు ఆధారంగా 1967 - 68లో గోడలకు తిరిగి చిత్రాలు అమర్చారు.

ఎంతవరకు నమ్మాలి?

ఇంత చెప్పాక ఒక ప్రశ్న మిగులుతుంది. నకలును ఎంతవరకు నమ్మాలి? జోకెయి చుట్టల్లోని ముఖాల్లో 12వ శతాబ్ది కంటే 17వ శతాబ్ది పోలికలే ఎక్కువున్నాయని పండితులు అంటారు. ఎంత జాగ్రత్త పడినా గీసే చేతికి దాని కాలం ఉంటుంది. అందుచేత పరిశోధకులు ఒకే నకలు మీద ఆధారపడరు. అదే బొమ్మకు వేరేచోట వేరేవారు తీసిన నకళ్ళుంటే పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆనాటి దినచర్యల్లో, లెక్కల పుస్తకాల్లో రాసినదానితో సరిచూస్తారు. గీతలో అనుమానం ఉన్నా, ఇంటి కప్పు కట్టడం, దుస్తుల తీరు, ఆట నియమం వంటివి కలిసివస్తే అంతవరకు నమ్ముతారు. మన భాషలో చెప్పాలంటే ఎగ్జామినరు పని ఇంకా నడుస్తూనే ఉందన్నమాట.

ఫొటోలు, కంప్యూటర్లు వచ్చాక చేత్తో నకలు ఎందుకని కొందరు అడుగుతారు. కెమెరా క్షణంలో ఉన్నదంతా పట్టుకుంటుంది, నిజమే. కాని ఏ గీత ముందు గీశారు, ఏ రంగు కింద ఏ రంగు ఉంది, కుంచె ఎక్కడ ఆగింది అన్నవి నకలు తీసే చేతికి తెలిసినంతగా తెలియవు. జపానులో కళావిద్యార్థులకు నకలు తీయడం ఇప్పటికీ నేర్పుతున్నారంటే కారణం ఇదే.

గోషిరకవ చక్రవర్తి వైభవం పోయింది. ఆయన 60 చుట్టలూ పోయాయి. బండి దగ్గర కాచుకున్న నౌకరు, కోడిని చంకన పెట్టుకున్న కుర్రవాడు, గుమ్మంలోంచి ఊరేగింపు చూసిన ఇల్లాలు మిగిలారు. వారి పేర్లు ఎవరికీ తెలియవు. ఇరవై ఏడేళ్ళ చిత్రకారుడు ఒకడు ఉన్నది ఉన్నట్టు దించి పెట్టడం వల్ల వారు మనదాకా వచ్చారు. మన సభ్యుల్లో ఎందరో సర్వీసు పొడుగునా పేరు పడని కాగితాలు ఎన్నో రాశారు. ఒక్క అక్షరం తప్పు పోకుండా, ఒక్క పేరు వదలకుండా రాశారు. ఆ పని చిన్నది కాదని చెప్పడానికి ఈ జపాన్ నకళ్ళకంటే మంచి సాక్ష్యం లేదు.